ఒక్క టీఎంసీ రాకపోతే కరెంటు ఎంత ఖర్చు?

వర్ధన్నపేట దాటాక మా చిన్నాయన పొలం ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ చివరన ఉంటుంది. ఒక యాసంగిలో వరి పొట్ట మీద ఉండగా నీళ్లు బందయ్యాయి. ఆయన పొద్దున్నే తూము దగ్గరికి పోయి, నెర్రెలిచ్చిన ఒండ్రును కాలితో నొక్కి చూసి, ఏమీ మాట్లాడకుండా వచ్చి బోరు స్టార్టరు నొక్కారు. బోరు పది నిమిషాలు పోసింది, గాలి కక్కింది, ఆగింది. "ఇగ రాత్రంతా ఇదే పని" అన్నారు. పైన పెద్ద డ్యాం ఉంటే కింద ఏమవుతుందో లెక్క వేసేటప్పుడు ఈ బోరును కూడా అందులో కలపాలి. నీళ్ల పంచాయితీల్లో దాని మాట దాదాపు వినిపించదు.

గోదావరి మీద మనకు పైనున్న పెద్ద డ్యాం మహారాష్ట్రలో పైఠన్ దగ్గరి జాయక్‌వాడి. 1976లో ప్రారంభమైంది. అందులో వాడుకోదగ్గ నిల్వే 76 టీఎంసీలకు పైన (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పోచంపాడులో 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన మన శ్రీరాంసాగర్ మొదట 112 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 80 దగ్గరికి వచ్చింది. అంటే వాళ్లు అక్కడ వాడుకునే నిల్వ, మన ప్రాజెక్టు మొత్తం నిల్వ ఇంచుమించు ఒకటే. మనం మాత్రం ఎక్కువగా శ్రీరాంసాగర్‌కు ఎగువన మహారాష్ట్ర కట్టిన 2.74 టీఎంసీల బాబ్లీ బ్యారేజీ గురించే మాట్లాడతాం. దాన్ని వదిలేయమని నేననను. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ వదలాలి. అది అమలు కావాల్సిందే. కానీ పైఠన్ పైన పారే నీళ్లు, గోదావరిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ మహారాష్ట్రకే ఇచ్చేసింది. దాని మీద కొట్లాడి లాభం లేదు. ఆ డ్యాం ప్రభావం ఎంత ఉంటుందో ముందుగా తెలుసుకోవడమే మన చేతిలో ఉంది.

ఆ ప్రభావాన్ని లెక్కగట్టే మోడల్ అంటే చేంతాడంత సూత్రాలు అక్కర్లేదు. వచ్చింది, వదిలింది, ఆవిరైంది, మిగిలింది. అవే వరదలను ఒకసారి డ్యాం ఉన్నట్టు, ఒకసారి లేనట్టు నడిపించి తేడా చూడాలి. పొరపాటంతా ఏడాది సగటు తీయడంలో ఉంది. మంచి వానలు పడిన ఏడు జాయక్‌వాడి నిండి గేట్లు ఎత్తేసరికి, చాలాసార్లు శ్రీరాంసాగర్ కూడా నిండి ఉంటుంది. వచ్చినదంతా కిందికి వదలడమే. కరువు ఏడు పైఠన్ దాటి నీళ్లు రావు. రెండేళ్లనూ కలిపి భాగిస్తే పెద్ద నష్టమేమీ లేదన్నట్టు కనిపిస్తుంది. నైలు మీద ఇథియోపియా కట్టిన 7,400 కోట్ల ఘనపు మీటర్ల డ్యాం విషయంలో ఈజిప్టు అంతగా పట్టుబట్టింది కూడా వరుస కరువుల్లో నీళ్లెలా వదులుతారన్న దాని మీదే.

ఇప్పుడు కరెంటు. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఏడు వేల ఎకరాల్లో మీటరు లోతున నిలబెట్టొచ్చు. ఆ నీళ్లు ఒక్క మీటరు కిందికి పడితే వాటిలో ఉండే శక్తి 77 వేల యూనిట్లు. పోచంపాడు దగ్గర కాకతీయ కాలువ మొదట్లో 36 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. కాలువకు పోయే నీళ్లే దాని టర్బైన్లను తిప్పుతాయి, వరద గేట్ల మీదుగా పోయేవి తిప్పవు. నీళ్లు 20 మీటర్లు పడతాయనుకుని, యంత్రాల్లో పోయేది తీసేస్తే టీఎంసీకి 13 లక్షల యూనిట్లు వస్తాయి. డ్యాంలో మట్టం తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది.

అదే టీఎంసీని 30 మీటర్ల లోతు నుంచి బోర్లతో తోడితే? మోటర్ల సామర్థ్యం 40 శాతం అనుకున్నా 58 లక్షల యూనిట్లు కావాలి. కాలువ నీళ్లలో పొలానికి చేరేది సగమే కదా అంటారు. సరే, సగమే తోడదాం. 29 లక్షలు. పోచంపాడులో పోగొట్టుకున్న దానికి రెండింతలకు పైనే. పైగా దారిలో ఇంకిన ఆ మిగతా సగంలో చాలా భాగమే మన బావుల్లోకి ఊటగా వచ్చేది. కాలువ ఆరితే ఊట తగ్గుతుంది, ఊట తగ్గితే ఇంకా లోతు నుంచి తోడాలి. చిన్నాయన బోరు గాలి కక్కింది అందుకే.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది కాబట్టి ఈ ఖర్చు రైతు బిల్లులో కనిపించదు. సర్కారు సబ్సిడీలో కలిసిపోతుంది. ఆ కరెంటులో కొంత ఇచ్చే 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీకి నీళ్లు శ్రీరాంసాగర్‌కు దిగువన ఉన్న ఎల్లంపల్లి నుంచి పోతాయి. అంటే బోరు నడవడానికి కూడా అదే గోదావరి కావాలి. వరంగల్ తాగునీళ్లు కూడా కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యాం నుంచి ఇదే కాకతీయ కాలువ మీదుగా వస్తాయన్నది మరో టెన్షన్.

బాబ్లీ గేట్లు దించే అక్టోబర్ 28 నాటికి ఎగువన, దిగువన నిల్వలెంతో తేలిపోతుంది. యాసంగి ఆయకట్టు నిర్ణయించే శివం కమిటీ ముందు ఆ రోజు రెండు కాగితాలుండాలి. ఒకటి నీళ్లది, రెండోది ఆ నీళ్లు అందకపోతే బోర్లకు పట్టే కరెంటుది. చివరి ఆయకట్టుకు నీళ్లు ఏ వారం దాకా వస్తాయో నారు పోయకముందే ఊళ్లో చెప్పాలి. ఆ ఏడు ఎవరైనా చెప్పి ఉంటే మా చిన్నాయన మూడెకరాల్లో సగానికి మక్క వేసేవారు.