కోడలుండగా బడ్జెట్ ఎందుకు?

ఆసియా ఖజానాలకు దొరికిన యంత్రాల్లో కోడలంత చవకైనది లేదు. కరెంటు అడగదు, సెలవు అడగదు, జీతాల పద్దులో కనిపించదు. ముసలాళ్ల సంరక్షణకు ఎంత కేటాయించారని సభలో ఎవరైనా నిలదీస్తే "మనది కుటుంబ వ్యవస్థ" అని గంభీరంగా చెప్పి కూర్చోవచ్చు. అత్తసొమ్ము అల్లుడి దానం అన్నారు పెద్దలు. ఇక్కడ కష్టం కోడలిది, దానం సర్కారుది.

ఇంత బంగారంలాంటి ఏర్పాటు ఉండగా జనాభా శాస్త్రవేత్తలు కంగారు పడటం మాత్రం విడ్డూరం. వాళ్ల కంగారంతా సంతాన సాఫల్య రేటు గురించి, అంటే ఒక ఆడమనిషి జీవితంలో సగటున ఎంతమంది పిల్లల్ని కంటుందన్న లెక్క గురించి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అయిదేళ్ల చొప్పున ఏడు గుంపులు చేస్తారు. ఒక్కో గుంపుకు ఆ ఏడాది పుట్టిన పిల్లల సంఖ్యను ఆ గుంపులోని ఆడవాళ్ల సంఖ్యతో భాగిస్తారు. ఏడు జవాబులూ కూడి అయిదుతో హెచ్చవేస్తారు. సుమారు 2.1 వస్తే తరానికి తరం సరి. దక్షిణ కొరియాకు 2023లో 0.72 వచ్చింది. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. పాతికేళ్లకు కనాల్సిన బిడ్డను ముప్పై రెండేళ్లకు కంటే, ఆ మధ్య ఏళ్లలో రేటు తరుగుతుంది, ఆఖరికి పిల్లల సంఖ్య తగ్గకపోయినా. మంత్రులకు ఈ మెలిక మహా ఇష్టం. "మానలేదు, వాయిదా వేశారంతే" అంటారు. కొరియా 2018లో ఒకటి కిందికి దిగింది. ఆ వాయిదా ఇంకా తీరలేదు.

వాయిదా ఎందుకో తెలియాలంటే ఇంట్లో ముసలాళ్ల చాకిరీ ఎవరి నెత్తిన పడుతోందో ముందు తెలియాలి. దానికి సర్వేలున్నాయి. "మీరు ఎవరితో ఉంటున్నారు?" అని ముసలమ్మను అడుగుతారు. "కొడుకుతో" అంటుంది. 'కుటుంబ ఆసరా ఉంది' అన్న గడిలో టిక్కు పడుతుంది. ఆ కొడుక్కి ముప్పై ఎనిమిదేళ్లని, ఉద్యోగం లేదని, ఆవిడ పింఛను మీదే ఇల్లు నడుస్తోందని ఆ గడికి తెలియదు. ఆసరా ఎటు నుంచి ఎటు పారుతోందో తేలాలంటే డబ్బు, చాకిరీ, వసతి మూడింటినీ విడదీసి, ఇచ్చిందెంత, పుచ్చుకున్నదెంత అని రెండువైపులా అడగాలి. అప్పుడు ప్రశ్నలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. అందుకని ఒకే కప్పు కింద ఉంటే ఆసరా ఉన్నట్టే అనుకుని ముందుకు సాగిపోతారు. ఇంకో తమాషా, "మిమ్మల్ని చూసుకునేదెవరు?" అన్న ప్రశ్నకు "మా అబ్బాయే" అన్న జవాబొస్తుంది. స్నానం చేయించిన చేతులు ఆ సమయానికి వంటింట్లో ఉంటాయి.

ఆధార నిష్పత్తి, అంటే పోషించేవాళ్లకు ఎంతమంది భారమన్న లెక్క, దాని సంగతి మరీ ముచ్చట. 15 నుంచి 64 దాకా పోషకులు, 65 నిండితే భారం. పుట్టినరోజు ముందు రాత్రి పోషకుడిగా పడుకున్నవాడు భారంగా నిద్రలేస్తాడు. మనవల్ని పెంచే డెబ్బై ఏళ్ల అమ్మమ్మ భారమే.

చాకిరీని కొలిచిన సందర్భాలూ లేకపోలేదు. భారత్‌లో 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించేవారు. 97 ఫరవాలేదనిపిస్తుంది. కాకపోతే అది అసలంటూ ఇంటిపనికి చెయ్యి పెట్టిన మగవాళ్ల సగటు. అలాంటివాళ్లు నూటికి 26 మందే.

చట్టాలూ తక్కువ తినలేదు. భారత్‌లో 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం భరణానికి నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. 'సంతానం' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాసింది. కోడలి పేరు అందులో లేదు. పూర్తిగా సబబు. గోడను ఎవరైనా కుటుంబ సభ్యుల జాబితాలో రాస్తారా? చైనా 2013లో పిల్లలు తల్లిదండ్రులను తరచూ చూసి రావాలని చట్టంలోనే పెట్టింది. ఎవరి వెంట ఎవరు వెళ్లి వంట చేయాలో పెట్టలేదు.

జపాన్ మాత్రం కాస్త తొందరపడింది. 2019 జులై నుంచి అత్తమామలకు ఉచితంగా సేవ చేసిన కోడలు, వాళ్లు పోయాక వారసుల దగ్గర డబ్బు అడగవచ్చు. మరణం సంగతి, వారసులెవరన్న సంగతి తెలిసిన ఆరు నెలల్లోగా అడగాలి. చనిపోయి ఏడాది దాటితే తలుపు మూసేస్తారు. చేసిన సేవకు రుజువు కావాలి కనుక డైరీ రాసుకోవడం, రసీదులు దాచుకోవడం మంచిది. డైపరు మార్చిన ప్రతిసారీ వేళ రాసి పెట్టుకునే కోడలే ముందుచూపున్న కోడలు.

కోడళ్లకూ కాన్పులకూ ముడిపెట్టడంలో ఆ దేశానికి అనుభవం ఉంది. అక్కడి పాత పంచాంగంలో అరవై ఏళ్లకోసారి నిప్పు గుర్రం సంవత్సరం వస్తుంది, 1966 అలాంటిదే. ఆ ఏట పుట్టిన ఆడపిల్ల మొగుణ్ని మింగేస్తుందని, ఎవరూ కోడలిగా చేసుకోరని నమ్మి, జనం కనడం తగ్గించారు. సంతాన సాఫల్య రేటు 1.58కి పడింది. 1989లో ఏ గుర్రమూ లేకుండానే 1.57కు దిగింది. 1966లో పుట్టిన ఆడపిల్లలకు అప్పటికి ఇరవై మూడేళ్లు.

2026 మళ్లీ ఆ గుర్రం ఏడే. కారణం వెతికే శ్రమ ఈసారి తప్పింది.