నాలుగు తొట్లు, నలభై నోళ్లు

మా కాలనీలో అందరికీ చిన్నప్పుడు వస బాగానే పోసినట్టున్నారు. ఆ వస వృథా పోలేదనడానికి మా మిద్దె మీది నాలుగు పూలతొట్లే సాక్ష్యం. వాటిలో ఉన్నవి ఏ మొక్కలన్న విషయమై గత వేసవి నుంచి తిరుపతి నగరంలో, కనీసం మా వీధి మొదట్లో ఉన్న టీ అంగడి దాకా, జరిగిన చర్చను ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే ముందు తరాలు మమ్మల్ని క్షమించవు. జిల్లా చీలినప్పుడు కూడా ఇంత చర్చ జరగలేదు. 2022 ఏప్రిల్ 4న పొద్దున లేచేసరికి చిత్తూరు జిల్లావాళ్లం కాస్తా తిరుపతి జిల్లావాళ్లం అయిపోయాం. కాఫీ తాగి ఎవరి పనికి వాళ్లం పోయాం. మొక్కల సంగతి అట్లా తేలిపోయేది కాదు.

ముందు సమస్య తీవ్రత పాఠకులకు అర్థం కావాలి. నాలుగు తొట్లలోనూ ఆకులు ఒకే తీరు. కత్తుల్లా నిటారుగా లేచి, మొదట్లో ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. ఒక పక్కనుంచి చూస్తే విప్పిన విసనకర్ర. ఇంకో పక్కకు వచ్చి చూస్తే అక్కడ మొక్క ఉందా లేదా అని అనుమానం వచ్చేంత పలచన.

మొదటిది బైపాస్ రోడ్డు పక్క నర్సరీలో కొన్నాను. "ఐరిస్ సార్, ఫారిన్‌ది" అన్నాడు ఆ అబ్బాయి. ధర కూడా ఫారిన్‌దే చెప్పాడు. రెండోది మా మేనత్త చిత్తూరు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన వస. మూడోది మదనపల్లె స్నేహితుడు "లిల్లీ" అని చేతిలో పెట్టాడు. మన దగ్గర లిల్లీ అన్నది పేరు కాదు, పేరు తెలియదని మర్యాదగా ఒప్పుకోవడం. దండల్లో గుచ్చే నేలసంపెంగ లిల్లీయే, నాలుగు చినుకులు పడగానే గట్టు వెంబడి లేచే గులాబీరంగు పువ్వూ లిల్లీయే, సాలెపురుగు కాళ్లలాంటి రేకులున్నదీ లిల్లీయే. ఇక నాలుగోది మా అల్లుడు ఊటీ నుంచి తెచ్చిన దుంప. అసలు సిసలు గడ్డం ఐరిస్ అట. కిందికి వాలిన మూడు రేకుల మీద గొంగళిపురుగు పడుకున్నట్టు నూగు ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ఐస్‌క్రీం పుల్లల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి నాలుగు తొట్లలోనూ గుచ్చాను. మేనెల ఎండకు పది రోజుల్లో సిరా ఎగిరిపోయింది. పదకొండో రోజు వడియాలు పెట్టుకోవడానికి మా ఆవిడ తొట్లన్నీ జరిపేసింది. ఏ తొట్టి ఎక్కడిదో ఆమెకు గుర్తులేదు. గుర్తుపెట్టుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు కూడా. ఆ చెప్పనివాడు ఎవరన్న చర్చ మా ఇంటి లోపలిది, ఇక్కడ అనవసరం.

మొట్టమొదట రంగంలోకి దిగింది ఎదురింటి అవ్వ. హైదరాబాదు నుంచి మునిమనవడు వచ్చాడు, ఆర్నెల్లవాడు, ఇంకా ఊకొట్టడం లేదని అవ్వకు బెంగ. వసకొమ్ము సానరాయి మీద అరగదీసి నాలుక్కి రాస్తే చాలునని ఆమె నమ్మకం. "ఆకు చూస్తే తెలీదా నాయనా, ఇదే వస" అని ఒక తొట్టిలో చెయ్యి పెట్టి దుంప విరిచింది. నేను అడ్డం పడే లోపలే అరచేతిలో ముక్క.

ఇక్కడ మాత్రం కాసేపు నవ్వు పక్కన పెడతాను. ఐరిస్ దుంప పొట్టలోకి పోతే పెద్దవాళ్లకే వాంతులు, విరేచనాలు. పోనీ అసలైన వస అయితే మంచిదా అంటే, పిల్లల డాక్టరమ్మ అదీ వద్దంది. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంది, మన దేశంలో దొరికే రకంలో అది ఇంకా ఎక్కువ. అమెరికాలో 1968లోనే తినే వస్తువుల్లో వస వాడకూడదన్నారు. ఈ ముక్క అవ్వకు చెబితే, "మీ అమ్మ నీకు పోసినప్పుడు అమెరికా వాళ్లని అడిగిందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పిల్లవాడి నాలుక మాత్రం దక్కింది.

అవ్వ పద్ధతి పూర్తిగా తప్పని అనలేను. వస ఆకు నలిపి వాసన చూస్తే ఘాటుగా, కమ్మగా ఒక వాసన తగులుతుంది. ఐరిస్ ఆకు నలిపితే పచ్చిగడ్డి. పైగా వస ఆకులో పొడుగునా ఉండే ఈనె సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక అంచు వైపు జరిగి ఉంటుంది. ఇది తెలిసిన మరుక్షణం కాలనీలో వాసన పక్షం ఏర్పడింది. వాకింగ్‌కు పోయేవాళ్లు ఒక్కొక్కరే మిద్దెక్కి, ఒక్కో ఆకు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఊహూఁ" అని దిగిపోయేవారు. వారం తిరిగేసరికి పరీక్షించడానికి ఆకులు మిగల్లేదు. వస ఏదో మాత్రం తేలింది. మిగిలిన మూడు గుండు కొట్టించుకున్న భక్తుల్లా నిలబడ్డాయి.

తర్వాత వచ్చినవారు పక్క వీధిలోని బాటనీ మాస్టారు. "పువ్వు చూడందే నేను నోరు విప్పను" అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడారు. ఐరిస్ కుటుంబమైతే కేసరాలు మూడే ఉంటాయట, లిల్లీలైతే ఆరు. అసలైన ఐరిస్‌లో మూడు రేకులు కిందికి వాలి, మూడు పైకి నిలబడి, వాటి నడుమ రేకుల్లాగే కనిపించే మరో మూడు ఉంటాయి. అవి రేకులు కావు, కీలం కొమ్మలు. ఒక్కోదాని చాటున ఒక్కో కేసరం దాక్కుని ఉంటుంది. పసుపుపచ్చ పూల ఐరిస్ ఒకదానికి శాస్త్రనామమే ఐరిస్ స్యూడాకొరస్, అంటే దొంగ వస, ఆకులు వసలా ఉంటాయని. "అంటే పేరు పెట్టినవాళ్లకే అనుమానం ఉందన్నమాట" అన్నాను. మాస్టారు నన్ను విద్యార్థిని చూసినట్టు చూశారు. మా పక్కింటి తమిళాయన మధ్యలో అందుకుని, వాళ్లలో వసకు 'పేరు చెప్పని మందు' అనే పేరు ఉందన్నాడు. ఇన్ని రోజుల్లో వినిపించిన పేర్లన్నిటిలోనూ మా తొట్లకు సరిగ్గా అతికింది అదొక్కటే.

మూడో నిపుణుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే కుర్రాడు, శనివారం బస్సులో దిగాడు. "అంకుల్, ఐరిస్ రకాలు గుర్తుపట్టడం మెషిన్ లెర్నింగ్‌లో ఫస్ట్ చాప్టర్. నిద్రలో లేపి అడిగినా చెప్తా" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మూడు రకాల ఐరిస్ పూలను కొలిస్తే, ఆ కొలతల మీద రొనాల్డ్ ఫిషర్ 1936లో ఒక పరిశోధనా వ్యాసం రాశాడు. సెటోసా, వర్సికలర్, వర్జినికా, ఒక్కోటి యాభై, మొత్తం 150 పూలు. ఈరోజుకీ కంప్యూటర్‌కు పోలికలు నేర్పే ప్రతి పిల్లవాడూ ఆ 150 పూల మీదే చెయ్యి తిప్పుకుంటాడు. సెటోసా సులువు, లోపలి రేకు రెండున్నర సెంటీమీటర్ల లోపు ఉంటే అదే. మిగిలిన రెండే అన్నదమ్ముల పిల్లల్లా కలిసిపోయి ఏడిపిస్తాయి. ఏడిపించక ఏం చేస్తాయి, వర్సికలర్ పుట్టిందే మిగతా రెండింటి కలయిక వల్ల అని ఆండర్సనే ఊహించాడు. తల్లి పోలికో తండ్రి పోలికో అంటే ఎవరు చెప్పగలరు? ఇంకో ముచ్చట, అందరూ డౌన్‌లోడ్ చేసుకునే ఆ పట్టికల్లో ఒకదాంట్లో 35వ పువ్వు, 38వ పువ్వు కొలతలు ఫిషర్ అచ్చు వేసినట్టు లేవు, ఎత్తిరాసేటప్పుడు తప్పు పడ్డాయి. మా ఐస్‌క్రీం పుల్లలకు అంతర్జాతీయ స్థాయిలో తోడు దొరికిందని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"సరే, చెప్పు నాయనా" అని తొట్లు చూపించాను. కుర్రాడు ఫోన్ తీశాడు. "రేకు పొడవెంత అంకుల్?"

"పువ్వే లేదు కదరా."

"రక్షక పత్రం వెడల్పు?"

"అదీ పువ్వులోదే."

"డేటా లేకుండా ఎట్లా అంకుల్?" అని విసుక్కుని ఆదివారం రాత్రి బస్సెక్కాడు. వాడు తన జీవితంలో ఐరిస్ పువ్వును ఒక్కసారి కూడా కంటితో చూడలేదని తర్వాత తెలిసింది. కంట్లోని ఐరిస్‌ను స్కాన్ చేసి ఆధార్‌లో మనిషిని పోలుస్తున్న దేశం ఇది. కొండ మీద గదులిచ్చేచోట 2023 మార్చి నుంచి ముఖం చూసి గుర్తుపట్టే యంత్రాలు పెట్టిన ఊరు ఇది. ఆ దేశంలో, ఆ ఊళ్లో, తొట్టిలోని ఐరిస్‌ను కళ్లెదురుగా పెట్టుకుని పోల్చలేకపోయాం.

ఈలోగా ఊటీ దుంప కన్నుమూసింది. గడ్డం ఐరిస్‌లకు చలికాలంలో గట్టి చలి తగలాలి, వీపు మట్టి బయటికి పెట్టి నాటాలి. మాకు డిసెంబరులో మంకీ క్యాప్ పెట్టుకునేది చలికి కాదు, అలవాటుకి. అయినా కారణం వాతావరణం కాదని నా నమ్మకం. తిరుపతి దాకా వచ్చిన ఏ గడ్డం కల్యాణకట్ట దాటి క్షేమంగా వెనక్కి పోయింది?

మిగిలినవి రెండు. ఫారిన్ ఐరిస్, మదనపల్లె లిల్లీ. వీటి మీద మాస్టారు రాత్రంతా చదువుకుని వచ్చి బాంబు పేల్చారు. నర్సరీల్లో ఐరిస్ అని అమ్మేది చాలావరకు 'నడిచే ఐరిస్' అట. బ్రెజిల్ వైపు మొక్క, ఐరిస్ కుటుంబమే గానీ ఐరిస్ కాదు. పువ్వు వాడాక కాడ చివర పిల్లమొక్క పుట్టి, ఆ బరువుకు కాడ వంగి, నేలకు తగిలినచోట వేరు పోసుకుంటుంది. అట్లా అడుగు అడుగుగా తోటంతా నడుస్తుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచేవాళ్లను చూసే ఊరు కాబట్టి దానిమీద నాకు వెంటనే గౌరవం పుట్టింది. పన్నెండు ఆకులు వస్తేగానీ పూయదని జనం అంటారట. రోజూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వాసన పక్షం పుణ్యమా అని లెక్క ఏడు దాటలేదు.

లిల్లీ సంగతి ఇంకా ఘోరం. మచ్చల నారింజ పూలు పూసి, కాయ పగిలాక నల్లపూసల్లాంటి గింజలు గుత్తిగా నిలబెట్టే మొక్క ఒకటుంది. దాన్నీ లిల్లీ అనే పిలుస్తారు. మొక్కలన్నిటికీ రెండు ముక్కల పేర్లు పెట్టిన లిన్నేయస్ మహాశయుడు 1753లో వేసిన పుస్తకంలో దీన్ని ఒకచోట ఇక్సియా అన్నాడు, ఇంకోచోట ఆర్కిడ్‌ల పంక్తిలో కూర్చోబెట్టి వేరే పేరు పెట్టాడు. ఒకే మొక్క, ఒకే పుస్తకం, రెండు గోత్రాలు. తర్వాత చాలాకాలం బెలంకాండా అని పిలిచి, చివరికి 2005లో డీఎన్ఏ సాక్ష్యాన్నిబట్టి 'ఇది ఐరిస్ కన్నబిడ్డే' అని ఒప్పుకుని ఐరిస్ డొమెస్టికా అన్నారు. అంటే మాస్టారి లెక్క ప్రకారం నేను డబ్బు పోసి కొన్న ఐరిస్ ఐరిస్ కాదు, ఊరికే వచ్చిన లిల్లీ లిల్లీ కాదు, ఐరిస్!

లిన్నేయస్ పొరబడ్డాడని నవ్వుకునే హక్కు తిరుపతివాళ్లకు లేదు. కొండ మీద స్వామికి పూలతోట వేసిన అనంతాళ్వారు, మట్టి మోయడానికి వచ్చిన కుర్రాడు ఎవరో గుర్తుపట్టక గునపం విసిరాడు. గడ్డానికి తగిలింది ఎవరికో తెలిశాక, ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడుతున్నారు, ఆ గునపం మహాద్వారం దగ్గర వేలాడుతోంది. మా ప్రాంతపు తోటమాలులకు పోల్చుకోవడంలో పొరబాటు తరతరాల ఆస్తి.

ఇదంతా చూశాక నాకొక స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది. మొక్కలను గుర్తించే పనికి పువ్వే పెద్ద అడ్డంకి. ఆకు దశలో ఒక మొక్క మీద పద్నాలుగు అభిప్రాయాలు ఉంటాయి. అన్నిటికీ సమాన గౌరవం, అందరికీ టీ. పువ్వు పూసిందంటే ఒక్క అభిప్రాయం మిగిలి పదమూడు మంది ఇళ్లకు పోవాలి. ప్రజాస్వామ్యంలో ఇది మంచి సంప్రదాయం కాదు. అందుకే మొగ్గ కనిపిస్తే ఎవరికీ చెప్పకూడదని మనసులో నిర్ణయించుకున్నాను కూడా.

మొన్న శనివారం సాయంత్రం దీపం పెట్టబోతే స్వామి పటం మీద నారింజరంగులో ఏదో కనిపించింది. పిండి ఆరేసిన బట్టలా మెలి తిరిగిపోయి ఉంది. మాస్టారికి కబురు పెట్టాను. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు. వెనకే అవ్వ, తమిళాయన, వాసన పక్షం నుంచి ఐదుగురు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, ఇట్లా మెలి తిరిగి వాడేది ఐరిస్ డొమెస్టికానే, పొద్దున విచ్చి సాయంత్రానికి పోతుంది, అన్నారు. గొంతు వణికింది. పూసిన పువ్వును చూసే అవకాశం పోయింది, దొరికింది శవపరీక్ష.

ఇంట్లో పనిచేసే ఆమెను పిలిచాను. "ఈ పువ్వు నువ్వే కోశావా అమ్మా?"

"అవును సార్. శనివారం కదా అని పటానికి పెట్టినా. ఆ పక్క తొట్టిలోది గూడా రెండు మూడు తూర్లు పూసింది. తెల్లంగా, లోపల నీలంగా. అదీ సామికే పెట్టినా."

అంతే, తొమ్మిది మంది ఆమె చుట్టూ మూగారు. ఎన్ని రేకులు? కేసరాలు మూడా ఆరా? వాలినవి ఎన్ని, నిలబడినవి ఎన్ని? బెంగళూరు కుర్రాడు వీడియో కాల్‌లో పొడవు, వెడల్పు అడుగుతున్నాడు. ఆమె చీపురు గోడకు ఆనించి, అందరి ముఖాలూ ఒకసారి చూసి, కాసేపు నిజంగానే ఆలోచించింది.

"పువ్వు మాదిరే ఉన్నింది సార్" అంది.