సుందనీస్ "యాస", డేనిష్ "భాష" అంటున్న పోస్ట్‌కి నా జవాబు

పది రోజులుగా ఒక పోస్ట్ తిరుగుతోంది, నాకే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. ఒక పక్క డేనిష్, ఇంకో పక్క ఇండోనేషియాలోని సుందనీస్ పెట్టి పట్టిక వేశారు. డేనిష్ పూర్తి స్థాయి భాష అట. సుందనీస్ ఇండోనేషియన్‌కి ఒక యాస మాత్రమే, దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, పైగా అది పాత జమీందారీ కాలపు మాట, కాబట్టి పోయినా నష్టం లేదు అని ముగించారు. సింగపూర్‌లో మూడేళ్ళు నా పక్క సీట్లో కూర్చున్నావిడ జావా దీవి పడమటి భాగంలో, సుందా వాళ్ళ ప్రాంతంలో ఉన్న బాండుంగ్ మనిషి, ఆవిడ మాతృభాష సుందనీస్. ఆ పోస్ట్ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు "యాస" సంగతి. నీళ్ళను ఇండోనేషియన్‌లో ఆయిర్ అంటారు, అదే దీవిలోని జావనీస్‌లో బాన్యు, సుందనీస్‌లో చాయ్. (అవును, మన చాయ్‌లాగే పలుకుతారు. పశ్చిమ జావాలో చిమహి, చిఅంజుర్, చిఅమిస్ అని ఇన్ని ఊళ్ళు "చి"తో మొదలవడానికి కారణం ఈ మాటే.) మరి డేనిష్ చుట్టుపక్కల చూడండి. డేనిష్‌లో వాన్, నార్వేజియన్‌లో వాన్, స్వీడిష్‌లో వత్తెన్. డేనిష్ పేపరు నార్వే మనిషి చేతికిస్తే పెద్దగా ఇబ్బంది లేకుండా చదివేస్తాడు. జావనీస్ మాత్రమే వచ్చినవాడికి ఇద్దరు సుందా వాళ్ళు మాట్లాడుకునేది అర్థం కాదు. సుందనీస్, జావనీస్, ఇండోనేషియన్ ఒకే ఆస్ట్రొనేషియన్ కుటుంబంలోవి, నిజమే, కానీ అది తెలుగూ తమిళమూ చుట్టాలయినట్టు. ఒకరి మాట ఒకరికి అర్థమవడమే కొలత అయితే యాస అనే పేరు ముందు డేనిష్‌కే తగలాలి, అలా అనడం కూడా తప్పే. డేనిష్‌ని దాదాపు 60 లక్షల మంది మాట్లాడతారు, సుందనీస్‌ని 3 కోట్లకు పైగా. తేడా ఎక్కడంటే డెన్మార్క్ ఒక దేశం, సుందా కాదు. 1928లో యువజన సంఘాలు చేసిన యువజన ప్రతిజ్ఞ రోజున మలయ్‌నే ఇండోనేషియా ఉమ్మడి భాషగా ఎంచుకున్నారు (ఇవాళ ఇండోనేషియన్ అంటున్నది అదే), సుందా వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. దానికి కారణాలున్నాయి, కానీ ఉమ్మడి భాష వేరే ఉన్నంత మాత్రాన ఇంటి భాష యాస అయిపోదు.

రెండోది లిపి. ఇక్కడ పోస్ట్ రాసినవాళ్ళు అసలు వెతకనే లేదు. 1518 నాటి సుందనీస్ తాళపత్ర గ్రంథం ఇప్పటికీ ఉంది. బోగోర్ దగ్గర చిఅరుతున్‌లో 5వ శతాబ్దపు రాయి మీద పూర్ణవర్మ రాజు పాదముద్రలు, పక్కన పల్లవ లిపిలో సంస్కృత శ్లోకం ఉంటాయి. ఆ లిపి నుంచే కాలక్రమంలో సుందా అక్షరాలు పుట్టాయి. అందుకే వాటిని చూస్తే తెలుగువాడికి పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. "క" రాస్తే అందులో అకారం ఉంటుంది, ఇకారానికి పైన గుర్తు, ఉకారానికి కింద గుర్తు, మన సున్న చేసే పనికి పన్యెచెక్, విసర్గకి పంగ్విసద్, పొల్లుకి పమాఎహ్. ఆ పక్క సీటావిడ ఒకరోజు భోజనాల దగ్గర టిష్యూ మీద నా పేరు ఈ అక్షరాల్లో రాసిచ్చింది. పొల్లు ఎక్కడ పెట్టాలో నేనే చెప్పగలిగాను! 1990ల చివర్లో ఈ లిపిని ప్రామాణీకరించారు, 2008లో యూనికోడ్‌లో చేరింది. మధ్యలో వందల ఏళ్ళు అరబిక్, జావనీస్, రోమన్ అక్షరాల్లోనూ రాశారు. మరి డేనిష్‌కి సొంత లిపి ఏది? ఇవాళ రాసేది రోమన్ లిపే, దానికి మూడు అక్షరాలు కలిపారు, అందులో ఒకటి 1948లో చేరింది.

వ్యాకరణం లేదన్న మాట మరీ అన్యాయం. సుందనీస్‌లో క్రియ కాలాన్ని బట్టి మారదట, అదీ వాళ్ళ ఆధారం. అవును, మారదు. గెఉస్ దహర్ అంటే తిన్నాడు, కెఉర్ దహర్ అంటే తింటున్నాడు, కాలం చెప్పడానికి ముందు ఒక మాట వస్తుంది. డేనిష్‌లో కూడా క్రియ మనిషిని బట్టి మారదు, నేనూ నువ్వూ వాళ్ళూ అందరికీ ఒకటే రూపం. మనలా "తిన్నాను, తిన్నావు, తిన్నారు" అక్కడ లేవు. అంతమాత్రాన డేనిష్‌కి వ్యాకరణం లేదంటామా? సుందనీస్ బహువచనం చూడండి. బుదక్ అంటే పిల్లవాడు, బరుదక్ అంటే పిల్లలు. మాట మధ్యలోకి "అర్" దూరింది. క్రియలోకి కూడా దూరుతుంది, చాలామంది తింటుంటే దహర్ కాస్తా దలహర్ అవుతుంది. చివర్లో ర ఉంది కాబట్టి "అర్" బదులు "అల్" వచ్చింది. ఇంత సూక్ష్మమైన నియమాన్ని అక్కడి చిన్నపిల్లలు కూడా పట్టుకుంటారు.

ఇంకో గడిలో డేనిష్ "తర్కబద్ధమైన భాష" అని రాశారు. డేనిష్ అంటే నాకు గౌరవమే, కానీ వాళ్ళ అంకెలు చూడండి. 50కి హాల్‌ట్రెస్, అంటే రెండున్నర ఇరవైలు. 90 అంటే నాలుగున్నర ఇరవైలు. సుందనీస్‌లో 50 అంటే లిమ పులుహ్, అంటే ఐదు పదులు, అంతే. ఇందులో ఎవరూ తక్కువ కాదు, ఏ భాష చరిత్ర దానిది.

జమీందారీ భాష అన్నదాంట్లో కొంత నిజముంది. సుందనీస్‌లో మర్యాద మెట్లు ఉన్నాయి, జావాలోని మతారం రాజ్యం ప్రభావంతో 17వ శతాబ్దంలో బలపడ్డాయి. స్నేహితుడు తింటే దహర్, పెద్దవాళ్ళు తింటే తుఆంగ్, పెద్దల ముందు నా తిండి గురించి చెప్పాలంటే నెద. నా పక్క సీటావిడ తమ్ముడికి ఫోన్ చేసి "గెఉస్ దహర్?" (తిన్నావా?) అనేది, వెంటనే అమ్మ ఫోన్ అందుకుంటే "తోస్ తుఆంగ్, మాహ్?" (తిన్నారా, అమ్మా?) అనేది. మనకు కొత్తేం కాదు, దేవుడు ఆరగిస్తాడు, మనం తింటాం, "నేను ఆరగించాను" అని ఎవరూ అనరు. ఈ మెట్లు వద్దనే సుందా వాళ్ళూ ఉన్నారు, కనెకెస్ కొండల్లో ఉండే బదూయ్ అనే సుందా తెగ మాటల్లో ఇవి దాదాపు లేవు. ఆ చర్చ వాళ్ళది, వాళ్ళు తేల్చుకుంటారు.

ఇక చివరి మాట, పోయినా నష్టం లేదన్నది. 2022 జనవరిలో ఇండోనేషియా పార్లమెంటు సభ్యుడొకరు, సమావేశంలో సుందనీస్ మాట్లాడిన ప్రాసిక్యూషన్ అధికారిని పదవి నుంచి తీసేయాలన్నాడు. పశ్చిమ జావా అంతా నిరసనలు చేసింది, ఆయన క్షమాపణ చెప్పాడు. పోతే పోనీ అనుకునే జనం ఒక్క మాటకు అలా లేవరు. కానీ ఇంకోటి కూడా చూశాను. నా పక్క సీటావిడ అక్క పిల్లలు జకార్తాలో పెరుగుతున్నారు. అమ్మమ్మ వీడియో కాల్‌లో సుందనీస్‌లో అడిగితే వాళ్ళు ఇండోనేషియన్‌లో జవాబిస్తారు. ఒకసారి ఆ పెద్దావిడ అడిగిందే రెండుసార్లు అడిగి, చివరికి తనే ఇండోనేషియన్‌లోకి మారింది. ఫోన్ పెట్టేశాక ఈవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మీ గ్రూపులో ఆ పట్టిక ఎవరైనా పెట్టి ఉంటే, దాని కింద ఇది పెట్టండి.