సముద్రం లేని జిల్లాలో సముద్ర కవిత్వం

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చినప్పుడు ఎవరి సరిహద్దు ఎక్కడికి జరిగిందన్న లెక్కలు చాలామంది వేశారు గాని, గుంటూరు కవులకు వాటిల్లిన నష్టాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సూర్యలంక, నిజాంపట్నం బాపట్ల జిల్లాకు వెళ్ళిపోయాయి. అవతలి ఒడ్డున బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమై కూర్చోగా, మచిలీపట్నమూ, కృష్ణమ్మ కడలిలో కలిసే హంసలదీవీ కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. ఆ విధంగా, శాలువాల వినియోగంలో ఎవరికీ తీసిపోని రెండు నగరాలు ఒక్క రోజులో సముద్రాన్ని పోగొట్టుకున్నాయి.

ఇంత జరిగినా మన కవులు చలించలేదు. ఆ మరుసటి ఉగాదికి గుంటూరు బ్రాడీపేటలో ఒక కవిసమ్మేళనానికి వెళితే, నేను కూర్చున్నంతసేపూ సముద్రం ఘోషిస్తూనే ఉంది. రెవెన్యూ రికార్డుల్లో లేని సముద్రాన్ని కవితలో చూపించడం ఆక్రమణ కిందికి వస్తుందో రాదో న్యాయనిపుణులు తేల్చాలి. కళ్ళ నీళ్ళు తెప్పించడానికి ఊళ్ళోనే మిర్చియార్డు ఉండగా, కన్నీటిలోని ఉప్పు కోసం పొరుగు జిల్లా దాకా పోవడమెందుకో నాకు మాత్రం బోధపడదు.

తప్పంతా వీరిదే అనలేము. మహాకావ్యంలో వర్ణించవలసినవాటిని చెబుతూ సంస్కృత ఆలంకారికుడు దండి, నగరం వెంటనే సముద్రాన్ని పెట్టాడు; అష్టాదశ వర్ణనల పేరిట అది తప్పనిసరి ప్రశ్న అయి కూర్చుంది. తప్పనిసరి ప్రశ్నకు జవాబు రాయడానికి చూసి ఉండవలసిన అవసరం ఏ పరీక్షలోనూ లేదు. అయినా పాత కవి సముద్రంలో తిమింగిలాలూ, రత్నాలూ, మైనాకుడూ, బడబాగ్నీ కిక్కిరిసి ఉండేవి. ఇప్పటి సముద్రంలో కవి ఒక్కడే ఉంటాడు. వల లాగేవాడు, డీజిలు అప్పు, ఐసు పెట్టె, గంప పెట్టుకుని ఒడ్డున ఎదురుచూసే ఆడమనిషి ఏ పాదంలోనూ తగలరు. తగిలితే ఏకాంతం చెడుతుంది కాబోలు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవల వేటను నిషేధిస్తారు. అదే 61 రోజులు సముద్రపు పోలికల వేటనూ నిషేధిస్తే, తరతరాలుగా తోడివేయగా నీరసించిన ఉపమానాలు కాస్త పిల్లలు పెట్టుకుంటాయని నా ప్రతిపాదన. ఉగాది అప్పటికే దాటిపోతుంది కనుక శాలువాలకు లోటు రాదు. తెడ్డు వేసుకుని వెళ్ళే నాటుపడవలకు నిషేధం లేనట్టే, గణాలు లెక్కపెట్టుకుంటూ చేత్తో పద్యం అల్లేవారికీ మినహాయింపు ఇవ్వవచ్చు. వారి సంఖ్యను బట్టి చూస్తే మత్స్యసంపదకు ముప్పేమీ లేదు.

ఒక్క ‘ఉప్పెన’ అన్న మాటను మాత్రం ఏడాది పొడవునా నిషేధించాలని కోరుతున్నాను. బ్రాడీపేట సభలో యువకవి ఒకరు, తన ప్రేయసి ప్రేమ ఉప్పెనలా వచ్చి ముంచెత్తిందని చదివి చప్పట్ల కోసం ఆగారు, చప్పట్లు వచ్చాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయనది అవనిగడ్డ దగ్గరి పల్లె. 1977 నవంబరు 19న దివిసీమలోనే ఉన్న మనిషి. ఆయన నా వైపు వంగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, “ఎంత ఎత్తున వచ్చిందటండీ?” అని అడిగారు.