ట్రైనింగ్ మాకిచ్చారు, బడికి టీచర్‌ని ఎప్పుడిస్తారు?

ఇప్పుడే మండల రిసోర్స్ సెంటర్ నుంచి ఇంటికొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. కొత్త జాతీయ కరిక్యులమ్‌కి బడుల్ని సిద్ధం చేయడం ఎలా అని ట్రైనింగ్. పొద్దున్నుంచి స్లైడ్లే. బడి చదువును 5+3+3+4 ఏళ్ళ దశలుగా విడగొట్టారన్నారు, మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా పునాది దశ అన్నారు, చిన్న పిల్లలకు ఆటలతోనే చదువు చెప్పాలన్నారు. మంచిదే, ఎవరు కాదన్నారు? చివర్లో డౌట్లుంటే అడగమన్నారు. లేచి అడిగాను. "సార్, మా బడిలో ఐదు క్లాసులు, ఇద్దరమే టీచర్లం. ఇవాళ నేనిక్కడుంటే అక్కడ మా సార్ ఒక్కరే ఉన్నారు. నేను ఒకటో తరగతిని ఆడిస్తుంటే ఐదో తరగతికి లెక్కలు ఎవరు చెప్పాలి?" ట్రైనింగ్ ఇచ్చే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) సార్ తల కూడా ఎత్తలేదు. "అది ఈ సెషన్‌లో టాపిక్ కాదు మేడం" అని తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయారు.

అది కాకపోతే ఇంకేది టాపిక్?

మా నల్గొండ జిల్లాలో దేవరకొండ, చందంపేట, డిండి వైపు తండాల్లో పనిచేసే ప్రతి ఎస్జీటీకీ, అంటే ప్రైమరీ టీచరుకూ, ఈ బాధ తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. అంటే మా బడి చట్టం ప్రకారం నిండుగా ఉన్నట్టే. పిల్లల తలలు లెక్కపెట్టారు గానీ క్లాసులు లెక్కపెట్టలేదు. ఆ ఇద్దరిలో ఒకరు ట్రైనింగ్‌కో, సెలవు మీదో, మీటింగ్‌కో పోతే మిగిలినవాళ్ళే ఐదు క్లాసులకు దిక్కు. ఇవాళ మా సార్ పొద్దున్నే సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని వాటర్ ట్యాంకు దగ్గరికి పోయి ముఖం చూపించి హాజరు వేసుకున్నారు. పిల్లల హాజరు వేశారు. మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కించారు. ఐదు క్లాసుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చూచిరాత ఇచ్చారు. ఇంకేం చేస్తారు పాపం! నేనేమో ఇక్కడ 'జాదూయి పిటారా' ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. ఆ బొమ్మల పెట్టెను ఎన్‌సీఈఆర్‌టీ 2023 ఫిబ్రవరిలో విడుదల చేసింది. ఇవాళ్టికీ మా బడి గడప తొక్కలేదు.

ఈ కొత్త కరిక్యులమ్‌కి మూలమైన 2020 జాతీయ విద్యా విధానం డాక్యుమెంట్ నేను చదివాను. టీచరుకు ఏడాదికి 50 గంటల శిక్షణ అని అందులో ఉంది. అది మాత్రం తూచా తప్పకుండా అమలవుతోంది. అందులోనే వెనకబడిన ప్రాంతాల్లో 25 మంది పిల్లల లోపే ఒక టీచర్ ఉండాలని ఉంది. చదువు చెప్పడానికి సంబంధం లేని పనులకు టీచర్లను వాడొద్దని కూడా ఉంది. ఈ మాటలు చదివి వినిపించిన ఆర్పీని నేనింతవరకు చూడలేదు. మేం చేయాల్సినవి స్లైడ్ల మీదికి వస్తాయి, సర్కారు చేయాల్సినవి డాక్యుమెంట్లోనే ఉండిపోతాయి.

2024 నవంబర్ ఎవరైనా మర్చిపోయారా? ఇంటింటి కుల సర్వే అని ప్రైమరీ బడులను ఒంటిపూట చేసి, మధ్యాహ్నం నుంచి మమ్మల్ని ఊళ్ళమీద తిప్పారు. సర్వే అక్కర్లేదని నేననను. కానీ విద్యాహక్కు చట్టంలో టీచర్లను వేరే పనికి వాడుకునే మినహాయింపు ఉన్నది పదేళ్ళ జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి మాత్రమే. అప్పుడు పోయిన మధ్యాహ్నాలు మా పిల్లలకు ఎవరు తిరిగిచ్చారు? 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు చేయడం రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం టార్గెట్. దానికోసమే మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం పెట్టారు. పిల్లలు వెనకబడితే మాత్రం సంజాయిషీ మేమే ఇచ్చుకోవాలి.

అసలు నా కడుపు మండేది ఇంకో దానికి. పునాది దశలో పిల్లలకు ఇంటి భాషలో చెప్పాలి, కనీసం ఐదో తరగతి దాకా మాతృభాష ఉంటే మేలు అని ఇవాళ గంటసేపు చెప్పారు. 2022-23లో ఒక్క దెబ్బకు ఒకటి నుంచి ఎనిమిది దాకా సర్కారు బడులన్నిటినీ ఇంగ్లిష్ మీడియం చేసింది ఎవరు? అప్పుడు కూడా ట్రైనింగ్ ఇచ్చింది మాకే. చేతిలో పెట్టింది ద్విభాషా పుస్తకం, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. మా రెండో తరగతి పాప ఒకతి ఇంగ్లిష్ వైపు వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది, తెలుగు వైపు చూస్తుంది, రెండూ అర్థం కాక పక్క పిల్లను లంబాడీలో అడుగుతుంది. ఆ పక్క పిల్ల చెప్పినప్పుడే దాని మొహం వెలుగుతుంది. ఇంటి భాష అంటే ఆ పిల్లకు తెలుగు కాదు, ఇంగ్లిష్ అసలే కాదు. లంబాడీ వచ్చిన టీచర్‌ని మా తండాకు వేయాలని పై నుంచి కింది దాకా ఒక్కరికైనా తట్టిందా? ఇంగ్లిష్ కావాలని మా తల్లిదండ్రులు అడుగుతారు, వాళ్ళ తప్పు లేదు. ఊళ్ళో ప్రైవేటు బడి బస్సు వాళ్ళ గుమ్మం ముందే ఆగుతోంది. అడిగింది ఇవ్వాలంటే మనుషుల్ని ఇవ్వాలి, పుస్తకం పంపించి చేతులు దులుపుకుంటే ఎలా?

గద్వాల వైపు ఇంకా ఘోరం. మా చెల్లెలు అక్కడే టీచరు. పత్తి సీడ్ చేలల్లో క్రాసింగ్, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని, మొదలైందంటే పెద్ద క్లాసుల పిల్లలు కూలికి పోతారు, బెంచీలు ఖాళీ. 2011 లెక్కల్లో అక్షరాస్యత 50 శాతం కూడా లేని జిల్లా అది. అక్కడ ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు బ్యాగ్ లేకుండా పది రోజులు ఎలా జరపాలో మా చెల్లెలికి నేర్పిస్తున్నారు. పిల్లల్ని చేలోంచి బడికి ఎలా తేవాలో చెప్పే సెషన్ ఒక్కటి కూడా లేదట.

కొత్త కరిక్యులమ్‌కి నేను వ్యతిరేకం కాదు. బట్టీ పోవాలనే నేనూ కోరుకునేది. మా బడికి మూడో టీచర్‌ని ఇవ్వండి, ఆ ముగ్గురిలో ఒక్కరైనా లంబాడీ మాట్లాడేవాళ్ళు ఉండేలా చూడండి. మాతో చేయిస్తున్న ఫోన్ ఎంట్రీల పనికి ఒక మనిషిని పెట్టండి. అప్పుడు 50 గంటలు కాదు, వంద గంటలు ట్రైనింగ్ పెట్టినా వచ్చి ముందు బెంచీలో కూర్చుంటాను.