నల్లజాతి కార్టూనిస్టులకు ఒక్క కుర్చీ సరిపోదు

2008 ఫిబ్రవరి 10, ఆదివారం. అమెరికా పత్రికల్లో కామిక్స్ పేజీ తిప్పినవాళ్లకు ఓ వింత కనిపించింది. పలువురు నల్లజాతి కార్టూనిస్టులు తమ తమ స్ట్రిప్పుల్లో ఆ రోజు ఒకటే జోకు గీశారు. పేపర్ చదువుతున్న ఓ తెల్ల పాఠకుడు, ఇది 'బూన్‌డాక్స్'కి (ఆరన్ మెక్‌గ్రూడర్ అనే నల్లజాతి కార్టూనిస్టు గీసిన పేరుమోసిన స్ట్రిప్) కాపీ కదా అని విసుక్కుంటాడు. కోరీ థామస్, మరికొందరు ముందే కూడబలుక్కుని చేసిన నిరసన అది. తెల్ల కుటుంబాల ముచ్చట్లతో ఒకే పేజీలో ఎన్ని స్ట్రిప్పులు వచ్చినా ఎడిటర్లకు ఎక్కువనిపించదు. నల్లజాతి స్ట్రిప్ మాత్రం ఒకటి పడితే కోటా అయిపోయినట్టే. రెండోది రావాలంటే మొదటిది పోవాలి. ఒకటి కాలేజీ కుర్రాళ్ల కథ, ఇంకోటి రాజకీయ వ్యంగ్యం అయినా సరే, వాళ్ల లెక్కలో రెండూ ఒకటే.

ప్రాతినిధ్యం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఈ ఒక్క కుర్చీ దగ్గరే ఆగిపోతారు. 1966లో మార్వెల్ కామిక్స్‌లో బ్లాక్ పాంథర్ అనే నల్లజాతి సూపర్‌హీరో వచ్చాడు, తర్వాత సినిమా కోట్లు కొల్లగొట్టింది, ఇంకేం కావాలి అంటారు. కుర్చీ ఒక్కటే అయినప్పుడు అందులో కూర్చున్నవాడికి మనిషిగా ఉండే వీలుండదు. పిరికివాడైతే జాతి మొత్తం పిరికిదంటారు, కోపిష్టి అయితే జాతికే కోపమంటారు. అందుకే రచయిత భయపడి పాత్రను మంచి బాలుడిలా గీస్తాడు. కథ అక్కడే చచ్చిపోతుంది.

ఈ చిక్కును అందరికంటే బాగా పట్టుకున్నది నల్లజాతి కామిక్స్ రచయిత డ్వేన్ మెక్‌డఫీ. మార్వెల్‌లో పనిచేసే రోజుల్లో, నల్లజాతి కుర్ర హీరో అనగానే స్కేట్‌బోర్డు ఎక్కించే అలవాటు చూసి ఒళ్లు మండి, దాన్ని వెక్కిరిస్తూ ఓ ఉత్తుత్తి ప్రతిపాదన రాసి ఆఫీసులోనే ఇచ్చారాయన. 1993లో డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్‌తో కలిసి మైల్‌స్టోన్ మీడియా అనే కామిక్స్ సంస్థ పెట్టారు. పంపిణీ డీసీ కామిక్స్ చూసుకుంది, పాత్రల మీద హక్కులు మైల్‌స్టోన్ దగ్గరే ఉన్నాయి. వాళ్లు ఒక హీరోతో సరిపెట్టుకోలేదు, డకోటా అనే ఊరినే కట్టారు. ఆ ఊళ్లో ఐకాన్ అనే హీరో ఉంటాడు. పైకి డబ్బున్న లాయరు, ఎవరి బాగు వాళ్లే చూసుకోవాలనే సంప్రదాయవాది. అతన్ని నిలదీసి జనం కోసం బయటికి లాగేది రకెల్ అనే పేదవాడ టీనేజ్ పిల్ల. ఆ పిల్ల పెళ్లికాకుండానే తల్లవుతుంది, అయినా హీరోగానే ఉంటుంది. ఇద్దరూ నల్లవాళ్లే, ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పడదు! ఒక్క కుర్చీ మీద ఈ గొడవ జరిగే వీలే లేదు.

ప్రతిభ ఉంటే ఎవరైనా పైకొస్తారు, వేరుగా గుంపు కట్టడం తమను తామే వెలివేసుకోవడం కాదా అని కొందరు అడుగుతారు. ప్రతిభావంతులు పైకొచ్చిన మాట నిజమే. ఎలా వచ్చారో కూడా చూడాలి. 1940ల్లో మ్యాట్ బేకర్ గీసిన బొమ్మల్ని విరగబడి కొన్న పాఠకుల్లో చాలామందికి ఆయన నల్లవాడని తెలియదు. 'క్రేజీ క్యాట్' స్ట్రిప్ గీసిన జార్జ్ హెరిమన్ పెద్దయ్యాక జీవితమంతా తెల్లవాడిగానే చలామణి అయ్యారు. ఆయన్ని 'కలర్డ్' అని, అంటే తెల్లవాడు కాదని నమోదు చేసిన జనన ధ్రువపత్రం సంగతి బయటపడింది ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, 1971లో. ముఖం దాచుకుంటే తప్ప దొరకని గుర్తింపును సమానత్వం అనడం అన్యాయం.

అసలు ప్రశ్న కాగితం ఎవరి చేతిలో ఉందన్నది. ఫిలడెల్ఫియా జర్నలిస్టు ఓరిన్ ఇవాన్స్ 1947లో రచయితలూ చిత్రకారులూ అందరూ నల్లవాళ్లే అయిన 'ఆల్-నీగ్రో కామిక్స్' తెచ్చారు. రెండో సంచికకు న్యూస్‌ప్రింట్ అమ్మేవాళ్లు దొరకలేదు. పత్రిక అక్కడితో సరి. నల్లజాతి మహిళా కార్టూనిస్టు జాకీ ఆర్మ్స్ కథ ఇంకోలా నడిచిందంటే, ఆమె వెనక నల్లజాతివాళ్లే నడిపే పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ ఉండబట్టే. 1955లో ఓ తెల్లజాతి స్త్రీని చూసి ఈల వేశాడన్న ఆరోపణతో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లాణ్ని చంపేశారు. కొద్ది వారాలకే ఆర్మ్స్ కార్టూన్‌లో ప్యాటీ-జో అనే చిన్నపిల్ల వంటింట్లోంచి వచ్చి, ఆ తెల్ల టీ కెటిల్ నన్ను చూసి ఈల వేసిందని అక్కకు ఫిర్యాదు చేస్తుంది. అప్పటి ఏ తెల్ల పత్రిక ఆ బొమ్మ వేసేది?

ఇది కామిక్స్‌కే పరిమితమైన సంగతి కాదు. మన దగ్గర 1990ల్లో దళిత కవిత్వం నిలదొక్కుకున్నది ఏ పెద్ద పత్రికో ఒక కవికి చోటిచ్చినందుకు కాదు. కవులు తమ సంకలనాలు తామే వేసుకుని, ఒకరితో ఒకరు వాదించుకునే స్థలం సంపాదించుకున్నారు. ఆ వాదనలే కవిత్వానికి పదునిచ్చాయి.

న్యూయార్క్‌లో హార్లెమ్ ప్రాంతంలోని షాంబర్గ్ సెంటర్ అనే గ్రంథాలయంలో 2013లో మొదలైన బ్లాక్ కామిక్ బుక్ ఫెస్టివల్ అలాంటి స్థలమే. ప్రవేశం ఉచితం. పిల్లలు బల్లల మధ్య తిరుగుతూ, పుస్తకం గీసిన మనిషితోనే మాట్లాడి కొనుక్కుంటారు. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన జెర్రీ క్రాఫ్ట్ అంతకుముందు ఏళ్ల తరబడి తన పుస్తకాలు తానే అచ్చేసుకున్నారు. 2020లో ఆయన 'న్యూ కిడ్'కు, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది, గ్రాఫిక్ నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. మరుసటి ఏడాదే టెక్సాస్‌లోని కేటీలో కొందరు తల్లిదండ్రుల ఫిర్యాదుతో స్కూళ్లలోంచి దాన్ని తీసేసి, సమీక్ష జరిపాక మళ్లీ పెట్టారు. అంత పెద్ద పతకమొచ్చిన పుస్తకానికే ఈ గతి పడితే, ఏ పతకమూ లేని కొత్తవాళ్లు ఒంటరిగా ఎలా నెగ్గుకొస్తారు? క్రాఫ్ట్ విజయం చూసి మురిసిపోతున్న ప్రచురణకర్తలు ఆ ఫెస్టివల్‌లో పక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్లతోనూ ఒప్పందాలు రాసుకోవాలి. ఒకరితో కాదు, పదిమందితో. పాత్రల హక్కులు వాళ్ల పేరునే ఉంచాలి.