గులాబీ నీళ్ల బట్టీ

దేశం ముందున్న సమస్యలన్నీ ఒక కొలిక్కి వచ్చేశాయి. అందుకే గత నాలుగు ఆదివారాలుగా కోకాపేటలో, మా తోడల్లుడి పద్దెనిమిదో అంతస్తు ఫ్లాటులో, మిగిలిపోయిన ఆ ఒక్క ప్రశ్న మీద చర్చ నడుస్తోంది. మద్యం కాచే రాగి కుండకు తగిలించే గొట్టం పైకి వాలాలా, కిందికి వాలాలా?

ఆ గొట్టాన్ని లైన్ ఆర్మ్ అంటారు. ఆ ముక్క తెలియకుండా యాభై రెండేళ్లు ఎలా బతికానో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కుండలో పులిసిన ఊట కాగుతుంది. ఆవిరి మెడలోకి లేచి, మెడ దాటి ఈ గొట్టంలోకి వస్తుంది. అక్కణ్నుంచి చన్నీళ్లలో మునిగిన చుట్టలోకి దిగి, మళ్లీ ద్రవమై చుక్కలు చుక్కలుగా పడుతుంది. గొట్టం పైకి వాలితే బరువైన ఆవిర్లు దారిలోనే చల్లబడి కుండలోకే జారిపోతాయి, సరుకు తేలిగ్గా వస్తుంది. కిందికి వాలితే అవీ దాటేస్తాయి, సరుకు చిక్కగా, ముతగ్గా వస్తుంది. అయిపోయింది. ఇంతకుమించి ఇందులో ఏమీ లేదని నేను మొదటి ఆదివారమే అన్నాను. మా తోడల్లుడు నా వైపు జాలిగా చూశాడు.

అతను పన్నెండేళ్లు సియాటిల్‌లో ఉండొచ్చాడు. అక్కడ ఇంట్లో బీరు తయారు చేసుకునేవాడు. అమెరికాలో ఇంటి బీరుకు 1978లోనే చట్టం దారి ఇచ్చింది. సారా బట్టీ మాత్రం, అతను అక్కడున్నన్నాళ్లూ, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందుకని అక్కడ పన్నెండేళ్లు బుద్ధిగా ఉండి, హైదరాబాద్‌లో దిగిన ఏడాదికే రాగి కుండకు ఆర్డరిచ్చాడు. మాతృభూమి మీద నమ్మకమంటే అదీ. ఎవరైనా చట్టం మాటెత్తితే "న్యూజిలాండ్‌లో 1996 నుంచీ లీగల్ అన్నయ్యా" అంటాడు. కోకాపేట న్యూజిలాండ్‌లో ఏ జిల్లా కిందికి వస్తుందో నేనింకా అడగలేదు.

కుండ రావడానికి ముందు కుండ ఎంపిక అనే మహాయజ్ఞం జరిగింది. నిలువు స్తంభంలా ఉండే కాలమ్ స్టిల్ వద్దని తొలిరోజే తీర్మానించారు. దానికి 1830లో పేటెంటు తీసుకున్న ఏనియాస్ కాఫీ అంతకుముందు ఎక్సైజు అధికారిగా పనిచేసినవాడట, కాబట్టి ఆ యంత్రానికి ఆత్మ ఉండదట. కుండలా ఉండే పాట్ స్టిల్‌కే ఆత్మ ఉంటుంది. అయితే ఏ ఆకారపు ఆత్మ? ఉల్లిపాయ తలా, హంస మెడా? స్కాట్లాండ్‌లో గ్లెన్‌మొరాంజీ విస్కీ వాళ్ల స్టిల్లు మెడ 5.14 మీటర్ల ఎత్తుంటుందని, జిరాఫీతో పోలుస్తారని తెలిసిన క్షణం నుంచి మా వాడికి నిద్ర లేదు. ఫ్లాటు కప్పు పది అడుగులు. "డూప్లెక్స్ తీసుకోవాల్సింది, నేను అప్పుడే చెప్పాను" అని మా మరదలు నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో ఆవిరి కంటే బరువైనదేదో ఉంది.

రాగే ఎందుకు, స్టీలు ఎందుకు కాదు అని అడిగి నేను మరో తప్పు చేశాను. పులిసేటప్పుడు పుట్టే గంధకపు వాసనలను రాగి పట్టేసుకుంటుంది, స్టీలుకు ఆ గుణం లేదు. ఇది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఈ నిజాన్ని అతను చేతులు కట్టుకుని, కిటికీలోంచి దూరంగా గండిపేట వైపు చూస్తూ చెప్పాడు.

కుండ వచ్చింది. ఇరవై లీటర్లది. డబ్బా విప్పుతుండగా వీడియో తీశారు. కొత్త రాగి మెరుపుకి గదంతా ఎర్రబడింది. మా అత్తగారు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కుండ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వేలితో టంగుమనిపించారు.

"బాగుంది నాయనా. మీ మామగారింట్లో ఇంతకంటే పెద్ద గంగాళం ఉండేది. కానీ స్నానానికి నీళ్లు కాచుకునేదానికి మూతి ఇంత ఇరుకైతే చెంబు ఎలా ముంచుతారు?"

"ఇది స్నానానికి కాదత్తయ్యా."

"మరి?"

గదిలో ఏడుగురం ఉన్నాం. ముగ్గురు సాఫ్ట్‌వేరు, ఒక దంత వైద్యుడు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు. అందరం కుండనే చూశాం.

"గులాబీ నీళ్లకి" అన్నాడు మా తోడల్లుడు.

అత్తగారు బాల్కనీ వైపు చూశారు. అక్కడ ఒక కుండీ, అందులో ఒక గులాబీ మొక్క, దానికి మూడు పూలు. వాటిలో ఒకటి రాలడానికి సిద్ధంగా ఉంది. ఆవిడ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయారు. అంత మౌనం నేను అసెంబ్లీ ప్రత్యక్ష ప్రసారాల్లో కూడా వినలేదు.

అబద్ధమైనా దానికి వంశవృక్షం ఉంది. కన్నౌజ్‌లో అత్తరు తీసేది ఇలాగే, డేగ్ అనే రాగి కుండ కింద మంట, పక్కన నీళ్లలో ఆవిరి పట్టే భప్కా, రెంటికీ మధ్య వెదురు గొట్టం. చార్మినార్ పక్క దుకాణాల్లో పిల్లకాయ సీసాల్లో దొరికే అత్తరు ఆ దారినే వచ్చేది. ఇలాంటి కుండలు అమ్మేవాళ్లు కూడా సుగంధ తైలాల కోసమనే అమ్ముతారు. అందుకే మన నగరంలో పువ్వులు తక్కువైనా గులాబీ నీళ్ల ప్రియులు పెరిగిపోతున్నారు.

ఇక ప్రయోగం. ముందు మామూలు నీళ్లు పోసి పరీక్షించాలన్నారు. కుండను తీసుకెళ్లి లక్షలు పోసి కట్టించుకున్న మాడ్యులర్ వంటింట్లో పొయ్యి మీద పెట్టారు. అరగంటైంది. నీళ్లు కులాసాగా ఉన్నాయి. గంటైంది. దంత వైద్యుడు చెయ్యి పెట్టి "లూక్‌వార్మ్ కూడా కాదు" అని తేల్చాడు. అది ఇండక్షన్ పొయ్యి. దాని మీద రాగి వేడెక్కదు. ఉల్లిపాయ తల నుంచి లైన్ ఆర్మ్ కోణం దాకా నెల్లాళ్లు శాస్త్రం నూరినవాళ్లలో ఒక్కడికీ పొయ్యి గుర్తు రాలేదు. చివరికి పాత గ్యాసు పొయ్యి ఒకటి అత్తగారి వస్తువుల్లోంచి బయటపడింది.

తరవాత నీళ్ల గొడవ. చుట్ట మునిగిన తొట్టిలో చన్నీళ్లు పారుతూనే ఉండాలి, లేకపోతే ఆవిరి ఆవిరిగానే బయటికి పోతుంది. ఇది ఏప్రిల్. మా వైపు నల్లా తిప్పితే చాయ్ పెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంటుకి ట్యాంకర్లు వస్తున్నాయి, స్నానానికి ఒక్క బకెట్టే అని లిఫ్టులో నోటీసు అంటించారు. ఆ నోటీసు కింద సంతకం కమిటీ కార్యదర్శి హోదాలో మా తోడల్లుడిదే. ఆ రోజు నాలుగు బకెట్ల ట్యాంకరు నీళ్లు వేడెక్కి మోరీలోకి పోగా, ఒక గ్లాసుడు మంచినీళ్లు తయారయ్యాయి. చప్పట్లు కొట్టాం.

ఆపైన కోణం. అతను ఫోను తీసి గొట్టం మీద పెట్టాడు. "స్పిరిట్ లెవల్ అన్నయ్యా! పేరులోనే ఉంది చూడు" అని తనే నవ్వుకున్నాడు. పైకి పది డిగ్రీలు పెట్టాలని అకౌంటెంటు, కిందికి పదిహేనని దంత వైద్యుడు. మొదట వచ్చేది తల, మధ్యలోది గుండె, చివరిది తోక, తల పారబోయాలి, గుండె దాచుకోవాలి, తోకను మళ్లీ కుండలో పోసుకోవాలి అని వాళ్లు గంభీరంగా మాట్లాడుకుంటుంటే, పక్క గదిలో హోంవర్కు చేసుకుంటున్న పిల్ల వచ్చి "డాడీ, ఏ జంతువు?" అని అడిగింది.

ఇంతవరకూ నాకు నవ్వే వచ్చింది.

నాలుగో ఆదివారం వాళ్లింట్లో పనిచేసే ఆవిడ ఆ కుండను చింతపండూ ఉప్పూ పెట్టి తోముతోంది. ధూల్‌పేట నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఊరంతా ఎగబడి వినాయకుల బొమ్మలు కొనుక్కునే ధూల్‌పేట, గుడుంబా పేరు చెబితే పోలీసులకు మొదట గుర్తొచ్చే ధూల్‌పేట. తోముతూ తోముతూ గొట్టం విప్పి, లోపలికి చూసి, మళ్లీ బిగించింది. ఎటు తిప్పాలో ఎవరూ చెప్పలేదు.

"సార్" అంది మెల్లగా, "గిది బాల్కనీల పెట్టకుండ్రి. ఎదురు బిల్డింగుల కెల్లి కనబడ్తది. మా తమ్మున్ని గిట్లనే ఎవలో చూసి చెప్తె తీస్కపోయిండ్రు. ఏడాది చెర్లపల్లిల ఉన్నడు."

మా తోడల్లుడు నవ్వాడు. "అది గుడుంబా అమ్మా. ఇది క్రాఫ్ట్."

క్రాఫ్ట్! ఏం తేడా ఉందయ్యా? ఆ తమ్ముడి దగ్గర ఉన్నది కుండే. అందులో ఉన్నది ఊటే. కింద మంటే, పైన చన్నీళ్లే. అతను నల్లబెల్లం వేశాడు, నువ్వు బార్లీ వేస్తావు. అతనిది మట్టి, నీది రాగి. అతను దాన్ని బట్టీ అన్నాడు, నువ్వు స్టిల్ అన్నావు. 1968 ఎక్సైజు చట్టానికి ఈ తేడాలేవీ తెలియవు. లైసెన్సు లేకుండా కాయడమే కాదు, కాయడానికని ఆ సామాను దగ్గర పెట్టుకోవడమూ దాని లెక్కలో నేరమే. 1986 నాటి పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, అసలు పేరు చదువు, ప్రమాదకారుల వరసలో మొట్టమొదట నిలబెట్టింది బూట్‌లెగ్గర్లనే. బందిపోట్లు, గూండాలు వాళ్ల వెనక. విచారణ లేకుండా పన్నెండు నెలల దాకా లోపల ఉంచొచ్చు. ఆ పన్నెండు నెలలూ ఆవిడ తమ్ముడికి పడ్డాయి. నీకు పడేది ఇంకో ఇద్దరు దోస్తులు, ఒక ఓక్ పీపా. మేడారంలో అమ్మవార్లకు మొక్కు చెల్లించడానికి బంగారం, అంటే బెల్లం, కొనబోతే ఆధార్ కార్డు అడిగారు. నీ కుండకు అడిగింది ఓటీపీ ఒక్కటే!

గుడుంబా గొప్పదని నేను అనడం లేదు. నవసాగరం కలిపిన ఆ మంటకు పేగులు కాలినవాళ్లను చూశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి ఊరికే పోలేదు, 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగిందంటే వాళ్ల చలవే. అయితే ఆగింది సారా. అమ్మకం ఆగిందా? 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ వేస్తే, తిరిగి ఇవ్వని రుసుము ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల చొప్పున, ఒక్క సీసా అమ్మకముందే సర్కారు ఖజానాకు 2,600 కోట్ల పైన చేరింది. తల పారబోసి గుండె దాచుకోవడమంటే అదీ. ధూల్‌పేటలో బట్టీలు పగలగొట్టి ఫొటోలు దిగిన బూటుకాళ్లు కోకాపేటలో లిఫ్టెక్కవు. ఎక్కాలంటే కింద సెక్యూరిటీ రిజిస్టరులో పేరు రాయాలి, పైనుంచి సారు ఒప్పుకోవాలి.

ఇదంతా నేను అక్కడ అన్నానా అంటే అనలేదు. పెళ్లాం చెల్లెలి మొగుడు. మనసులో అనుకున్నాను, ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ కుండను బాల్కనీలోంచి లోపలికి జరిపి, పాత దుప్పటి కప్పి, వెళ్లిపోయింది. ఆమె అటు వెళ్లగానే మా వాడు దుప్పటి తీసేసి నన్ను పక్కకు పిలిచాడు. సీసా మీద అంటించడానికి మంచి తెలుగు పేరు కావాలట, మట్టివాసన తగలాలట, నాకు సాహిత్యం తెలుసు కదా అట.

"బట్టీ" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "చీప్‌గా లేదూ అన్నయ్యా?"

సీసాకు పేరు కుదరలేదు. గొట్టమూ ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం ఐదో సమావేశం. నన్నూ రమ్మన్నాడు. వెళ్తాను, అత్తగారు పెసరట్లు వేస్తానన్నారు, గ్యాసు పొయ్యి ఖాళీగా ఉంటే.